కరారు చేతులు మాఱుట, నష్టము రాబట్టుట

మామిడి పూత వచ్చినది మొదలు కాయ కర్మాగారపు గేటు దాటువఱకు మన చిత్తూరు సీమలో తోటకాపు ఎన్ని చేతులు మాఱునో తోటలుగలవా రెల్లరు నెఱుగుదురు. రైతు పూతమీదనే తోటను గుత్తకిచ్చును. గుత్తదారు బయానా చెల్లించి, మందు కొట్టించి, కాపలా పెట్టి, కాయ ముదిరిన పిమ్మట దామలచెరువు మండీకో, బంగారుపాళ్యము మార్కెట్టుకో, లేక తిన్నగా గుజ్జు తీయు కర్మాగారమునకో తోలును. నడుమ చేతిలో రొక్కము చాలనియెడల తన గుత్తను వేఱొకనికి ఒప్పగించి తప్పుకొనుటయు గలదు. ఇవన్నియు పెక్కుసారులు నోటిమాటమీదనే జరుగుచుండును. ధర నిలుకడగా నున్నన్నాళ్లు మాటయు నిలుచును. ధర పడిపోయిన నాడు మాటయు పడిపోవును. అప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. నా కరారును నేను మఱియొకనికి ఇయ్యవచ్చునా? ఎదుటివాడు కరారు తప్పినచో, నష్టమును ఎవరు, ఎంతవఱకు, ఏవిధముగా రాబట్టుకొనగలరు? ఈ రెండింటికి చట్టము చెప్పు సమాధానములను మీకు మనవి చేయుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. చట్టముచే అమలుపఱుపదగిన ఒడంబడికకు కరారని పేరు. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము దీనికి మూలము. ప్రతి కరారునందును రెండు భాగములు గలవు: మనము పొందవలసినది యొకటి, మనము చేయవలసినది యొకటి. పొందవలసినది హక్కు, చేయవలసినది బాధ్యత. గుత్తదారునకు కాయ కోసికొనుట హక్కు. గుత్త సొమ్ము చెల్లించుట బాధ్యత. రైతునకు సొమ్ము పుచ్చుకొనుట హక్కు. కాయ కోయనిచ్చుట బాధ్యత. సాధారణముగా హక్కును ఇతరునకు బదలాయింపవచ్చును. బాధ్యతను మాత్రము అవతలివాని సమ్మతి లేక ఇతరుని నెత్తిన పెట్టి మనము తప్పించుకొనరాదు. ఇది న్యాయముగనే యున్నది. నాకు రావలసిన నూఱు రూపాయలను మీకీయుమని చెప్పినచో బాకీదారునకు నష్టమేమియు లేదు. ఎవరికిచ్చినను అత డిచ్చునది నూఱే. కాని నేనీయవలసిన నూఱును ఊరు పేరు లేని యొకడు చెల్లించునని చెప్పి నేను వైదొలగినచో, నన్ను నమ్మి అప్పిచ్చినవాడు మునిగిపోవును. 1962వ సంవత్సరమున ఖర్దా కంపెనీ వ్యాజ్యములో సుప్రీం కోర్టు ఈ భేదమునే స్పష్టముగా నిర్ణయించినది.

అట్లయిన గుత్తదారు బాధ్యతనుండి పూర్తిగా బయటపడుటకు మార్గము లేదా యనిన, కలదు. రైతు, పాత గుత్తదారు, క్రొత్త గుత్తదారు ముగ్గురును కూడి, పాత కరారును రద్దుపఱచి, దాని స్థానమున క్రొత్త కరారు వ్రాసికొనవలెను. కాంట్రాక్టు చట్టము 62వ సెక్షను ఇందుల కవకాశ మిచ్చుచున్నది. రైతు సమ్మతి లేనిదే పాత గుత్తదారు తోటను వదలిపోయి, "ఇకమీదట సొమ్ము ఆయనను అడుగుడు" అనినచో ఆ మాట చెల్లదు. సొమ్ము రానినాడు రైతు మొదటివానినే పట్టుకొనవచ్చును.

హక్కులలోను బదలాయింపరానివి కొన్ని గలవు. వ్యక్తి నైపుణ్యమునో, వ్యక్తిమీది నమ్మకమునో ఆధారముగా జేసికొన్న కరారు చేతులు మాఱదు. శ్రీకాళహస్తిలో పేరుపొందిన కలంకారీ పనివానితో ఒక గుడ్డమీద చిత్రము వ్రాయించుటకు కరారు చేసికొంటిమనుకొనుడు. ఆ పనివాడు మఱియొకనిచే వ్రాయించి యిచ్చెదనన్న మనము ఒప్పుకొననక్కఱలేదు. మనము కోరినది అతని చేతిపని. బియ్యపు మూటలను లారీలో తోలుట యట్టిది కాదు. ఎవరు తోలినను మూట మూటయే. అరువు మాటయు నిట్టిదే. వర్తకుని మీది నమ్మకముచేత ఒకనికి రెండు నెలల గడువుమీద సరకు అరువిచ్చెదనని యొప్పుకొన్నచో, ఆ గడువును అతడు ముక్కు మొగ మెఱుగని వేఱొకనికి దానము చేయజాలడు. ఇక కరారులోనే "ఇది బదలాయింపరాదు" అని వ్రాసియున్నచో ఆ మాటను మన్నింపవలసినదే.

ఇట్టి యడ్డంకులు లేనప్పుడు హక్కు చేతులు మాఱును. కలకత్తా సమీపమునగల బడ్జ్‌బడ్జ్ జనపనార మిల్లుకు సంబంధించిన వ్యాజ్యమొకటి ఈ విషయమున పేరుమోసినది. అది గోనెసంచుల కొనుగోలునకు సంబంధించిన కరారు. కొన్నవాడు తన హక్కును మఱియొకనికి బదలాయించెను. 1906వ సంవత్సరమున కలకత్తా హైకోర్టు, కొనువాడెవడనునది ఆ కరారునకు ముఖ్యము కానప్పుడు దాని ఫలమును బదలాయింపవచ్చునని తీర్పు చెప్పినది. గోనెసంచికి చెల్లినది మామిడికాయకును చెల్లును.

బదలాయింపు ఎట్లు చేయవలెనో యిక విచారింతము. ప్రామిసరీ నోటును వెనుక సంతకము పెట్టి మేడోవరు చేయుట మన పల్లెలలో అందఱకు తెలిసినదే. ఇతరమైన బాకీలకు అంతమాత్రము చాలదు. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము 130వ సెక్షను ప్రకారము, రావలసిన బాకీనిగాని అట్టి తక్కిన హక్కునుగాని ఇతరునకు ఇచ్చుటకు వ్రాతమూలకమైన పత్రము ఉండవలెను. దానిపై హక్కుదారుడుగాని అతని అధికార ప్రతినిధిగాని సంతకము చేసియుండవలెను. నోటిమాట చెల్లదు. సంతకము పడిన క్షణముననే హక్కు క్రొత్తవానికి సంక్రమించును. దానికొఱకు బాకీదారుని సమ్మతి అవసరము లేదు.

సమ్మతి అవసరము లేకపోయినను, బాకీదారునకు తెలియజేయుట అత్యవసరము. ఏల? బదలాయింపు సంగతి తెలియని బాకీదారుడు పాతవానికే సొమ్ము చెల్లించినచో, అతని బాధ్యత అంతటితో తీఱిపోవును. క్రొత్తవాడు పాతవాని వెంట తిరుగవలసినదే. కావున పత్రము వ్రాసిన దినముననే నోటీసు పంపవలెను. ఆ నోటీసు వ్రాతమూలకముగా నుండి, పాత హక్కుదారుని సంతకమును, క్రొత్తవాని పేరును చిరునామాను కలిగియుండవలెనని 131వ సెక్షను విధించుచున్నది. పాతవాడు సంతకము చేయ నిరాకరించినచో క్రొత్తవాడే చేయవచ్చును. రసీదు వచ్చు తపాలాలో పంపి, ఆ రసీదును భద్రపఱచుకొనుట మేలు.

మూడవ సంగతి యొకటి కలదు. దీనిని మఱచియే పలువురు మోసపోవుదురు. పాతవానికి హక్కు ఎట్లుండెనో క్రొత్తవానికి నట్లే వచ్చును. అంతకు మిన్నగా రాదు. 132వ సెక్షను సారాంశ మిది. ఒక గుత్తదారు కర్మాగారమునకు కిలో 8 రూపాయల వంతున 20 టన్నుల కాయ తోలెననుకొందము. అతనికి రావలసినది 1,60,000 రూపాయలు. అతడు ఆ బాకీని ఒక మండీ వర్తకునకు బదలాయించెను. కాని అంతకుముందే అతడు కర్మాగారమువద్ద 50,000 రూపాయలు అడ్వాన్సు పుచ్చుకొనియుండెను. వర్తకుడు పోయి అడిగినప్పుడు కర్మాగారమువారు ఆ అడ్వాన్సును మినహాయించుకొని 1,10,000 మాత్రమే యిత్తురు. "అడ్వాన్సు సంగతి నాకు తెలియదు" అని వర్తకుడు మొఱపెట్టినను ప్రయోజనము లేదు. కాబట్టి బాకీని కొనువాడు ముందుగా బాకీదారుని యొద్దకే పోయి, లెక్క యెంతయో విచారించి, వీలైనచో ఆ లెక్కను వ్రాతమూలకముగా పుచ్చుకొనవలెను.

ఇంతవఱకు చెప్పినది కరారు సవ్యముగా నున్నప్పటి మాట. ఇక నా ప్రసంగమునకు ప్రధానమైన విషయమునకు వచ్చెదను. కరారు భంగమైన పిమ్మట ఏమి మిగులును? దానిని అమ్ముకొనవచ్చునా?

ఇచ్చట రెండు పరిస్థితులను వేఱు వేఱుగా చూడవలెను. మొదటిది: కాయ తోలినాము, కర్మాగారమువారు దించుకొన్నారు, సొమ్ము మాత్ర మీయలేదు. ఇది బాకీ. ఎంతయో లెక్క తేలినది. గడువు దాటినను అది బాకీయే; దానిని పత్రముద్వారా ఇతరునకు బదలాయింపవచ్చును. రెండవది: కాయతో లారీ గేటు చేరినది, కర్మాగారమువారు "మాకు అక్కఱలేదు" అని త్రిప్పిపంపిరి. ఇచ్చట మనకు రావలసినది ధర కాదు, నష్టపరిహారము. అది ఎంతయో ఇంకను తేలలేదు. కోర్టు విచారించి తేల్చవలసియున్నది. 1974వ సంవత్సరమున రామన్ ఐరన్ ఫౌండ్రీ వ్యాజ్యములో సుప్రీం కోర్టు, ఇట్లు తేలని నష్టపరిహారము న్యాయస్థానము నిర్ణయించువఱకు బాకీ కానేరదని చెప్పినది. మనకు మిగిలినది దావా వేయు హక్కు మాత్రమే. ఆస్తి బదలాయింపు చట్టము 6వ సెక్షనులో, వట్టి దావా హక్కును బదలాయింపరాదని స్పష్టముగా నున్నది. కరారు భంగమైన తరువాతి నష్టపరిహారపు హక్కు ఇట్టి వట్టి దావా హక్కేయని కలకత్తా హైకోర్టు 1909వ సంవత్సరమున తీర్పు చెప్పినది.

ఈ నిషేధమునకు కారణ మేమి? వ్యాజ్యములు అంగడి సరకు కాకుండుటకు. పొరుగువాని తగవును చౌకగా కొని, కోర్టులో జూదమాడి, లాభము తీయుట యొక వృత్తియైనచో ఊరూర కలహములు పెరుగును. అందుచేత నష్టపడినవాడే కోర్టుకెక్కి తన నష్టమును చెప్పుకొనవలెనని చట్టము కోరుచున్నది.

దీని ఫలితము పల్లెలో నిట్లుండును. గుత్తదారు రైతునకు సొమ్మంతయు చెల్లించి, కాయ కోసికొను హక్కును సంపాదించెను. ఏప్రిలు మాసమున ఆ హక్కును పత్రము వ్రాసి మండీ వర్తకునకు బదలాయించి, రైతునకు నోటీసు నిచ్చెను. జూను మాసమున రైతు ఆశపడి కాయను వేఱొకనికి అమ్ముకొనెను. అప్పుడు మండీ వర్తకుడు తన పేరనే రైతుమీద దావా వేయవచ్చును. కరారు భంగమగునప్పటికే హక్కు అతనిది. అట్లుగాక, రైతు కాయ నమ్ముకొనిన తరువాత, జూలై మాసమున గుత్తదారు విసిగి, "నా దావా నీవు తీసికొనుము, నాకు ఇరువదివేలు పాఱవేయుము" అని వర్తకునితో పత్రము వ్రాసికొనినచో, ఆ పత్రము చెల్లదు. ఇరువదివేలు పోవును, దావాయు నిలువదు. రెండు పత్రములలోని మాటలు ఒక్కటే కావచ్చును. తేదీయే భేదము. కావున బదలాయింపదలచినవారు కరారు జీవించియున్నప్పుడే ఆ పని చేయవలెను.

కరారు విఱిగిన పిమ్మట గుత్తదారునకు సొమ్ము అత్యవసరమైనచో అతడేమి చేయగలడు? తన పేరనే దావా వేయవలెను. తనకు తీఱిక లేనిచో అధికార పత్రమిచ్చి నమ్మకస్తునిచే వ్యవహారము నడిపింపవచ్చును. కాని వాది తానే. డిక్రీ వచ్చిన పిదప సంగతి వేఱు. డిక్రీ సొమ్ము లెక్క తేలిన సొమ్ము. సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారము డిక్రీని వ్రాతమూలకముగా బదలాయింపవచ్చును.

ఇక రెండవ ప్రశ్న: నష్టము ఎంతవఱకు వచ్చును? కాంట్రాక్టు చట్టము 73వ సెక్షను దీనికి కొలత. కరారు తప్పినందువలన సహజముగా కలుగు నష్టమును, కరారు చేసికొన్ననాడే ఇరువురకు తెలిసియున్న నష్టమును మాత్రమే కోర్టు ఇప్పించును. దూరపు నష్టములను, దానివలన దీనివలన గొలుసుగా కలిగిన నష్టములను ఇప్పింపదు. ఈ సూత్రము ఇంగ్లండులో 1854వ సంవత్సరమున ప్రసిద్ధికెక్కినది. గ్లాస్టరు పట్టణమున నొక పిండిమర యిరుసు విఱిగెను. క్రొత్తదానికి మాదిరిగా దానిని గ్రీనిచ్చిలోని యంత్రశిల్పులకు పంపగా, మోతదారులు ఆలస్యము చేసిరి. అన్ని దినములు మర నిలిచిపోయెను. మర నిలిచినందువలన పోయిన లాభమును యజమానులు కోరిరి. ఇరుసు చేరువఱకు మర నిలిచిపోవునని మోతదారులకు తెలియదు గావున ఆ లాభము రాదని కోర్టు చెప్పినది.

మనకు మఱింత దగ్గఱి వ్యాజ్యమొకటి కలదు. 1898వ సంవత్సరమున మద్రాసు హైకోర్టు విచారించిన మద్రాసు రైల్వే కంపెనీ, గోవిందరావుల వ్యాజ్యమది. ఒక కుట్టుపనివాడు ఉత్సవము జరుగు ఊరికి పోయి నాలుగు రాళ్లు సంపాదించుకొనవలెనని తన కుట్టు యంత్రమును, గుడ్డలను రైలులో పంపెను. కంపెనీవారి లోపమువలన అవి ఉత్సవము ముగిసిన తరువాత చేరినవి. పాపము, అతని ప్రయాణపు ఖర్చును, ఆశించిన లాభమును పోయినవి. కాని ఆ సామాను ఉత్సవము కొఱకని అతడు కంపెనీకి తెలుపలేదు. అందుచేత ఆ నష్టములు అతనికి రాలేదు. ఆ కాలమున మన తిరుపతియు, చిత్తూరును ఉత్తరార్కాటు జిల్లాలో చేరి మద్రాసు హైకోర్టు అధికారమునకు లోబడియుండెను. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. కావున ఆ తీర్పు మన సీమకు పరాయిది కాదు.

దానినుండి నేర్చుకొనవలసినది యేమి? తిరుమల బ్రహ్మోత్సవములకో, తిరుపతి గంగజాతరకో సరకు తెప్పించు వర్తకుడు లారీ ఆఫీసులో రసీదు వ్రాయించుకొనునప్పుడే, "ఇది ఉత్సవపు సరకు, ఫలాని తేదీలోపల చేరనిచో నా వ్యాపారము పోవును" అని వ్రాయింపవలెను. ఒక్క పంక్తి చాలును. ఆ పంక్తి యున్నచో పోయిన లాభమును అడుగుటకు ఆధారము కలుగును. అది లేనిచో కుట్టుపనివాని గతియే పట్టును.

మామిడి లెక్కకు మరల వత్తము. కర్మాగారము కిలో 8 రూపాయలకు 20 టన్నులు కొనుటకు కరారు చేసికొని, తీఱ కాయ వచ్చిన నాడు నిరాకరించెను. ఆనాడు ఆ ప్రాంతపు మార్కెట్టులో ధర 5 రూపాయలు. కరారు ధరకు, మార్కెట్టు ధరకు గల భేదము కిలోకు 3 రూపాయలు. 20,000 కిలోలకు 60,000 రూపాయలు. కాయను మఱియొక మండీకి త్రిప్పుటకు లారీ బాడుగ 6,000 అయినచో, అదియు సహజమైన ఖర్చే. మొత్తము 66,000 అడుగవచ్చును. 1,60,000 అడుగరాదు, ఏలయన కాయ మన చేతిలోనే యున్నది. "మనోవేదన చెందితిని, అప్పులవారిముందు తల వంచుకొంటిని" అని వేఱుగా సొమ్ము అడిగినను సామాన్యముగా వ్యాపారపు కరారులలో రాదు. ఆనాటి మార్కెట్టు ధర 9 రూపాయలైనచో నష్టమే లేదు. కరారు తప్పినది కర్మాగారమైనను చేతికి వచ్చునది నామమాత్రము.

ఆనాటి ధర, ఆ తావుననే ధర అనునది ముఖ్యము. 1961వ సంవత్సరమున సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన యొక వ్యాజ్యములో కాన్‌పూరునందు అప్పగింపవలసిన కాన్వాసు గుడ్డను అమ్మినవాడు ఈయలేదు. కొన్నవాడు కలకత్తా ధరను చూపి నష్టము కోరెను. అప్పగింత కాన్‌పూరులో గావున కాన్‌పూరు ధరయే ఋజువు కావలెననియు, అది ఋజువు కానందున సొమ్ము రాదనియు కోర్టు తీర్మానించెను. దామలచెరువులో దించవలసిన కాయకు మద్రాసు ధర పనికిరాదు. కాయ నిరాకరింపబడిన దినముననే సమీపపు మార్కెట్టులో ధర యెంతయో తెలుపు చీటీని సంపాదించి దాచుకొనవలెను. ఆఱు నెలలు గడచిన పిమ్మట దానిని వెదకుట కష్టము.

మఱియొక విధి నష్టపడినవానిపైనను గలదు. నష్టమును తగ్గించుటకు తాను చేయదగిన ప్రయత్నము చేయవలెను. కర్మాగారముపై కోపముతో కాయను రోడ్డుమీద పాఱబోసినచో, పాఱబోసిన కాయ విలువను కోర్టు ఇప్పింపదు. మామిడి నిలువయుండు సరకు కాదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము 54వ సెక్షను, త్వరగా చెడిపోవు సరకును, ధర చెల్లింపబడనియెడల, నోటీసుతో పనిలేకయే అమ్మినవాడు మరల అమ్ముకొని, లోటును మొదటి కొనుగోలుదారునుండి రాబట్టుకొనుట కవకాశ మిచ్చుచున్నది. కావున దొరకిన న్యాయమైన ధరకు వెంటనే అమ్మి, అమ్మిన చీటీని పదిలపఱుపవలెను. ఆ చీటీయే రేపటి సాక్షి.

కొందఱు కరారులోనే, "తప్పినవారు లక్ష రూపాయలు చెల్లించవలెను" అని వ్రాసికొందురు. ఆ లక్షయు తప్పక వచ్చునని భ్రమపడరాదు. 74వ సెక్షను ప్రకారము ఆ లక్ష ఒక హద్దు మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమును కోర్టు నిర్ణయించును. మౌలాబక్షు అను గుత్తదారు లక్నోలో సైన్యమునకు బంగాళాదుంపలు, కోళ్లు, గ్రుడ్లు, చేపలు సరఫరా చేయుటకు ఒప్పుకొని, కట్టిన ధరావతు 18,500 రూపాయలు. అతడు సరఫరా తప్పగా ప్రభుత్వము ధరావతును జప్తుచేసెను. ఆ దినుసులను బయట కొనియుండినచో నష్టమెంతయో లెక్కచూపుట ప్రభుత్వమునకు సాధ్యమే, అది లెక్కచూపలేదు. అందుచేత 1969వ సంవత్సరమున సుప్రీం కోర్టు, ఆ ధరావతును అట్టిపెట్టుకొను హక్కు ప్రభుత్వమునకు లేదని చెప్పినది. సర్కారుకైనను, సామాన్యునకైనను లెక్క చూపనిదే నష్టము రాదు.

2025వ సంవత్సరపు వేసవిలో తోతాపురి ధర కూలిపోయినప్పుడు మన రైతులు పడిన యవస్థను ఎవరును మఱవలేదు. కిలోకు 12 రూపాయలు రైతునకు దక్కవలెననియు, అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములును, 4 రూపాయలు ప్రభుత్వమును ఇయ్యవలెననియు రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇచ్చట ఒక సూక్ష్మమును గ్రహింపవలెను. ప్రకటన వేఱు, కరారు వేఱు. ప్రకటింపబడిన ధర మన చీటీలోనికి ఎక్కినచో, అది కరారు ధర యగును. దానిని బాకీగా దావా వేసి రాబట్టవచ్చును, బదలాయింపనువచ్చును. తూకము మాత్రము వ్రాసి ధర వ్రాయని చీటీని పుచ్చుకొని కాయ దించివేసినచో, ధర యెంతయనుటయే తగవగును. కరారులో ధర తేలనప్పుడు కొన్నవాడు న్యాయమైన ధర ఈయవలెనని సరకుల విక్రయ చట్టము 9వ సెక్షను చెప్పుచున్నది గాని, ఆ న్యాయమైన ధర యెంతయో ఋజువుచేయుటకు కోర్టుచుట్టు తిరుగవలసినది రైతే. లారీ దించుటకు ముందు, "అయ్యా, ధర కూడ వ్రాసి సంతకము చేయుడు" అని యడుగుటకు అరనిముసము పట్టును. ఆ అరనిముసమున వెనుదీసినవాడు మూడేండ్లు విచారించును.

మూడేండ్లని యూరక అనలేదు. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, కరారు భంగమైన నాటినుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెను. సరకు అప్పగించి, అరువు గడువేదియు లేనప్పుడు, దాని ధరకై వేయు దావాకును అప్పగింత నాటినుండి మూడేండ్లే గడువు. హక్కు చేతులు మాఱినంతమాత్రమున గడువు క్రొత్తగా మొదలుకాదు. "పండుగ పోనీ, పంట పోనీ" అని వాయిదాలు వేసి నాలుగవ యేట వకీలు ఇంటికి పోయినచో ఆయన చేయగలిగినది స్వల్పము.

కోర్టనిన వెఱచువారికొక మాట. చిత్తూరునందు గల జిల్లా న్యాయసేవాధికార సంస్థ అర్హులగువారికి ఉచితముగా న్యాయసహాయము చేయును. ఉభయులు ఒప్పుకొన్నచో తగవును లోక్ అదాలతునందు పరిష్కరించుకొనవచ్చును. అచ్చట కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలము గలదు, దానిపై అప్పీలు లేదు. కాని లోక్ అదాలతునకు పోయినను, కోర్టుకు పోయినను మొదట అడుగబడునది కాగితమే.

కావున శ్రోతలారా, తోట గుత్తకిచ్చు నాడు ఒక కాగితము, దానిని బదలాయించు నాడు ఒక కాగితము, ఆ సంగతి తెలుపుటకు ఒక నోటీసు, కాయ దించు నాడు ధరతో కూడిన ఒక చీటీ, నిరాకరింపబడిన నాడు మార్కెట్టు ధర తెలుపు ఒక చీటీ, ఈ అయిదింటిని ఒక సంచిలో కట్టి ఇంటి దూలమునకు వ్రేలాడదీయుడు. కాలము బాగున్నచో ఆ సంచిని విప్పవలసిన పనియే యుండదు. కాలము చెడినచో మీ పక్షమున మాటాడగలిగినది ఆ సంచియే.